అతికిన చోటు

షువైఖ్ గ్యారేజీల సందులో
శుక్రవారం పొద్దున ఏడింటికే రేకులు కాలుతున్నాయి.
రెండు కార్లనూ పక్కపక్కన నిలబెట్టి
చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు మస్తానయ్య.
"చూసుకో మా" అన్నాడు. ఇంకేం అనలేదు.

ఒకటి తొంభై తొమ్మిది మోడల్.
ఎరుపు అనాలి గానీ, ఎండ తాగీ తాగీ
ఊరగాయ జాడీ అడుగున మిగిలిన రంగు.
డ్యాష్‌బోర్డు మడమల్లా పగిలింది.
ఎవరిదో అరబ్బీ క్యాసెట్
లోపల ఇరుక్కుపోయి బయటికి రాదు, పాడదు.
ఏసీ ఉంది, చల్లదనం లేదు.
కింద ఒక ఆయిల్ చుక్క. చూస్తుండగానే ఇంకొకటి.
వెయ్యీ మూడొందల దీనార్లు.
బూ ఫహద్ తాళం నా చేతిలో పెట్టి
అటు తిరిగి కూర్చుని టీ తాగుతున్నాడు,
కారు వైపు చూడకుండా.

రెండోది పద్దెనిమిది మోడల్. తెల్లది.
మీట నొక్కితే మేలుకుంటుంది.
సీటు నా నడుము కొలత గుర్తుపెట్టుకుంటుందట.
పదకొండేళ్లలో ఈ దేశంలో
ఆ పని ఎవరూ చేయలేదు.
ఇంజను మీద నల్లటి ప్లాస్టిక్ మూత,
ఎత్తితే ఇంకో మూత.
రెండువేల తొమ్మిదొందలు.
"వల్లా, యాక్సిడెంట్ లేదు" అన్నాడు అమ్మే కుర్రాడు
మూడుసార్లు.
నేనింకా అడగనే లేదు.

ఇంట్లో ఫోన్లో చెబితే ఒకటే ప్రశ్న:
రెండు సీట్లేనా?
రెండే. ఒకటి నాకు, ఒకటి నా హ్యాండ్‌బ్యాగుకు.
తమ్ముడి బోరుబావికి, చెల్లెలి బ్యూటీపార్లరుకు,
ఇంకో బోరుబావికి
సీట్లు లెక్కపెట్టకుండానే పంపాను కదా.

ఫర్వానియా ఆసుపత్రిలో నా పని ఎక్స్‌రే తీయడం.
"ఊపిరి బిగబట్టు" అని ఐదు భాషల్లో చెప్పగలను.
పరంజా మీంచి పడ్డవాళ్లూ, ఇంకెవరి చేతనో పడ్డవాళ్లూ
"మెట్ల మీద జారానమ్మా" అంటారు.
ఫిల్ము ఆ మాట వినదు.

మస్తానయ్య జాకీ ఎత్తి టార్చి ఇచ్చాడు.
చున్నీ నడుముకు చుట్టి, అట్టముక్క మీద వెల్లకిలా జారాను.
తెల్లదాని కింద, ఎడమ చక్రం వెనక,
కొత్త రంగు కింద ఒక గీత.
వేలికి ఉబ్బుగా తగిలింది
విరిగి అతుక్కున్న మెడ ఎముక మీద కణుపులా.

"అతికింది కదన్నా,
అతికిన కాళ్లతో జనం నడవడంలే?"
వాదించింది నేనే.
నడుము ఇంకా ఆ సీటులోనే ఉంది.

మస్తానయ్య టార్చి ఆపాడు.
"ఎముక్కి పానం ఉంటాది సులోచనమ్మా,
దానంతట అదే అతుక్కుంటాది.
దీన్ని అతికిచ్చింది నేను.
పోయిన రంజాన్ నెల్లో."
కుర్రాడు మమ్మల్నే చూసి నవ్వుతున్నాడు.
"ఆ పిల్లోడికి తెలుగు రాదు.
నాకా, ఈ ఒక్క మాటా అరబ్బీలో రాదు."

క్లచ్చి తొక్కడం
ప్రొద్దుటూరు డ్రైవింగ్ స్కూలు అంబాసిడర్ మీద నేర్చుకున్నా.
కాలు మరిచిపోలేదు.
సంతకం పెడుతుంటే బూ ఫహద్ చెప్పాడు,
మూడో గేరు మొండిదని, తిట్టొద్దని, కాసేపు ఆగమని.

ఇప్పుడు జూలై.
రాత్రి రెండింటికి డ్యూటీ దిగి
అద్దాలు దించి సముద్రం పక్కన వెళ్తుంటే
పొయ్యి ఊదినట్టు గాలి.
జాకెట్టు వీపుకి అంటుకుంటుంది.
మూడో గేరు దగ్గర ఆగుతాను.
అబ్బాసియాలో మా బిల్డింగు కాపలాదారు
కారు కింద నూనె డబ్బా మూత పెట్టి
పొద్దున్నే పారబోస్తున్నాడు, సణుగుతూ.
నెలకు రెండు దీనార్లు అడిగాడు. ఇస్తున్నా.

తెల్లది ఎవరు కొన్నారని
మస్తానయ్యను నేను అడగలేదు.
అతనూ చెప్పలేదు.
నైట్ డ్యూటీలో
వరండాలో స్ట్రెచరు చక్రాలు చప్పుడైతే మాత్రం
పేరు కన్నా ముందు
కారు రంగు అడుగుతున్నాను.